సిమ్‌టెల్ డాస్ సీడీ: చిన్న యుటిలిటీలు సేకరించేవాళ్ళు ముందు తీసుకోవాల్సింది

తొలి తరం పీసీల కోసం రాసిన చిన్న చిన్న యుటిలిటీలు (ఒక్కో చిన్న పని చేసిపెట్టే ప్రోగ్రాములు) సేకరించాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఎక్కడ మొదలుపెట్టాలని. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: వాల్‌నట్ క్రీక్ సీడీరామ్ అనే కంపెనీ 1990లలో తెచ్చిన సిమ్‌టెల్ ఎంఎస్-డాస్ సీడీ. డాస్ అంటే కమాండ్లు టైప్ చేసి నడిపే ఆనాటి పీసీ ఆపరేటింగ్ సిస్టం. ఆ కంపెనీ మొదలైంది 1991లో, వాళ్ళ మొదటి సరుకే ఇది. ఇప్పుడు దీని ఐఎస్ఓ ఇమేజ్‌లు (సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిన నకళ్ళు) ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, ఖర్చేమీ లేదు. ఐదుకి నాలుగున్నర మార్కులు వేస్తున్నాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గిందో, దాన్ని ఎలా పూడ్చుకోవచ్చో కింద చెప్తాను.

ముందు ఈ సరుకు ఎక్కడిదో రెండు మాటల్లో. అమెరికా సైన్యానికి చెందిన వైట్ శాండ్స్ మిస్సైల్ రేంజ్‌లో సిమ్‌టెల్20 అని డెక్ కంపెనీ తయారుచేసిన ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. ఎవరైనా పంచుకోదగ్గ ప్రోగ్రాములు అందులో పోగయ్యేవి. కీత్ పీటర్సన్ అనే ఆయన ఆ భండారాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నారు. 1993లో ఆ మెషీన్ మూతపడింది. అప్పటికే దాని నకలు సీడీల మీదికి ఎక్కింది కాబట్టి మనకు మిగిలింది. తర్వాత వెబ్‌లో నడిచిన సిమ్‌టెల్ సైటు కూడా 2013లో ఆగిపోయింది. అంటే మూలం రెండుసార్లు మాయమైనా సీడీ మాత్రం నిలబడింది.

సీడీ తెరవగానే విభాగాలు కనిపిస్తాయి: డైరెక్టరీలకు వేరు, డిస్కులకు వేరు, ఫైళ్ళకు, కీబోర్డుకు, మెమరీకి, స్క్రీన్‌కు, బ్యాచ్ ఫైళ్ళకు (వరసగా నడపాల్సిన కమాండ్లు రాసిపెట్టుకునే ఫైళ్ళు) వేర్వేరు. ప్రతి దాంట్లో ఒక సూచిక ఫైలు ఉంటుంది. ఫైలు పేరు, రకం, సైజు, తేదీ, ఒకే ఒక్క వరుసలో వివరణ. రకం అన్నచోట బీ ఉంటే బైనరీ, ఏ ఉంటే మామూలు టెక్స్ట్ అని పైనే రాసి ఉంటుంది. నెట్‌లో ఎఫ్‌టీపీ అనే పద్ధతితో దించుకునే రోజుల్లో ఆ తేడా తెలియకపోతే ఫైలు పాడైపోయేది, అందుకే ఆ గుర్తు.

ఈ సూచికలే ఈ సీడీకి ప్రాణం అని నా అభిప్రాయం. చాలామంది నేరుగా జిప్‌లు విప్పడం మొదలుపెడతారు. అలా చేయకండి. ముందు ఒక విభాగం సూచికను తేదీల వరుసలో పేర్చుకుని చదవండి. డాస్‌కి ఏ ఏడు ఏ లోటు ఉండేదో వరసగా తెలుస్తుంది. ఫైలును ఒక డైరెక్టరీ నుంచి ఇంకో డైరెక్టరీకి జరపడానికి యుటిలిటీలు వరుసగా కనిపిస్తాయి, ఎందుకంటే డాస్‌లో మూవ్ అనే కమాండ్ 1993లో వచ్చిన 6వ వెర్షన్ దాకా లేనే లేదు. కాపీ చేసి, పాతది చెరపాలి. లోపల ఫైళ్ళున్న డైరెక్టరీని ఒక్క దెబ్బతో తీసేసే డెల్‌ట్రీ కూడా అప్పుడే వచ్చింది. ఫైలు ఏ మూల ఉందో వెతికిపెట్టే ప్రోగ్రాములు కుప్పలు. డాస్‌లో ఫైండ్ అనే కమాండ్ ఉండేది గానీ అది ఫైలు లోపలి మాటలు వెతుకుతుంది, ఫైలును కాదు. డిర్ కమాండ్‌కి కింది డైరెక్టరీలన్నీ చూపించే స్విచ్ 1991లో 5వ వెర్షన్‌తో వచ్చింది. అప్పటిదాకా ఎవరి వెతుకులాట ప్రోగ్రాం వాళ్ళు రాసుకున్నారు.

అందులో నాకు బాగా నచ్చే రకం ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

డాస్ బ్యాచ్ ఫైలుకి ఒక పెద్ద లోటు ఉండేది: వాడేవాళ్ళని ప్రశ్న అడిగి జవాబు తీసుకోలేదు. పాజ్ అనే కమాండ్ ఏదో ఒక కీ నొక్కేదాకా ఆగుతుంది, ఏ కీ నొక్కారో మాత్రం చెప్పదు. ఛాయిస్ అనే కమాండ్ 6వ వెర్షన్‌లో గానీ రాలేదు. కాబట్టి అంతకుముందు ఎంతమంది రాసుకున్నారో ఈ అడిగే ప్రోగ్రాం! బ్యాచ్ విభాగంలో చూడండి, రకరకాల పేర్లతో కనిపిస్తుంది. కొన్ని రంగుల పెట్టె గీసి అడుగుతాయి, కొన్ని ఇంతసేపు చూసి జవాబు రాకపోతే ముందుకెళ్తాయి. కానీ ఆ పని అసలు సారం ఎనిమిది బైట్లు. అవును, ఎనిమిదే. కీ నొక్కేదాకా ఆగి ఆ కీ కోడ్ తెచ్చుకోవడానికి నాలుగు బైట్లు: డాస్ 8వ ఫంక్షన్ కావాలని రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న గడి) పెట్టడానికి రెండు, డాస్‌ని పనికి పిలిచే ఇంటరప్ట్ 21 పిలవడానికి రెండు. ఆ కోడ్‌నే ఎర్రర్‌లెవెల్‌గా (ప్రోగ్రాం ముగిసేటప్పుడు బ్యాచ్ ఫైలుకి వదిలే అంకె) అప్పజెప్పి బయటకు రావడానికి ఇంకో నాలుగు. మొదటి పిలుపు కీ కోడ్‌ను ఏ రిజిస్టర్‌లో పెడుతుందో, రెండో పిలుపు ఎర్రర్‌లెవెల్‌ను అదే రిజిస్టర్‌లోంచి తీసుకుంటుంది. మధ్యలో ఏమీ కదపక్కర్లేదు. డాస్‌తో పాటే వచ్చే డీబగ్ అనే ప్రోగ్రాం తెరిచి ఎవరైనా టైప్ చేసి సేవ్ చేసుకోవచ్చు. బ్యాచ్ ఫైల్లో ఎర్రర్‌లెవెల్ 89 అయితే పెద్ద వై నొక్కారు, 121 అయితే చిన్న వై. పెద్ద అంకె ముందు పరీక్షించాలన్నది ఒక్కటే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే డాస్ ఆ అంకె గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సరే అంటుంది.

ఈ ఎనిమిది బైట్ల ఫైలు 360 కేబీ ఫ్లాపీ మీద 1,024 బైట్ల చోటు తింటుంది, ఆ డిస్క్ మీద ఒక క్లస్టర్ (డాస్ ఒక ఫైలుకి ఇచ్చే కనీస చోటు) అంత. జిప్ చేస్తే అసలుకన్నా ఎన్నో రెట్లు పెద్దదవుతుంది, జిప్ హెడర్లకే కనీసం 98 బైట్లు, దాని మీద పేరు రెండుసార్లు. చిన్న యుటిలిటీలు పోగుచేసేవాళ్ళకి ఫ్లాపీలో ముందు అయిపోయేది కూడా ఎప్పుడూ చోటు కాదు. 360 కేబీ డిస్క్ రూట్ డైరెక్టరీలో 112 ఎంట్రీలే పడతాయి. ఇంకా సగం పైన ఖాళీ ఉండగానే డిస్క్ నిండిపోయిందని తిప్పి కొడుతుంది. సబ్‌డైరెక్టరీలు చేసుకోవాల్సిందే. 1.44 ఎంబీ ఫ్లాపీలో అయితే 224 ఎంట్రీలు, క్లస్టర్ 512 బైట్లే కాబట్టి కాస్త నయం.

ఇక పెద్ద పేర్ల సంగతి. సీడీ దించుకున్నవాళ్ళు తప్పనిసరిగా నడిపి చూడాల్సిన వాటిలో వెర్నన్ బ్యూర్గ్ రాసిన లిస్ట్ మొదటిది. ఫైలును స్క్రీన్ మీద చూపించడమే దాని పని. డాస్‌లో టైప్ కమాండ్ ఇస్తే పాఠం పరుగులు పెట్టి పైకి పోతుంది, మోర్ ఇస్తే పేజీ పేజీకి ఆగుతుంది గానీ వెనక్కి రానివ్వదు. లిస్ట్‌లో ముందుకీ వెనక్కీ తిరగొచ్చు, వెతకొచ్చు, డబ్ల్యూ నొక్కితే పొడుగు వరుసలు మడుస్తుంది, ఆల్ట్ హెచ్ నొక్కితే అదే ఫైలును హెక్స్‌లో (ప్రతి బైట్‌నూ అంకెగా) చూపిస్తుంది. వర్డ్‌స్టార్ అనే ఆనాటి వర్డ్ ప్రాసెసర్ ఫైళ్ళలో ప్రతి మాట చివరి అక్షరానికి ఎనిమిదో బిట్ వెలిగించి ఉండేది, మామూలుగా చూస్తే మాటల చివర పిచ్చి గుర్తులు కనబడేవి. ఆ బిట్‌ను తీసేసి చూపించే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. ఇన్నేళ్ళయినా నేను పాత డిస్క్ ఇమేజ్ దేన్ని తెరిచినా ముందు అందులోకి వేసుకునేది ఇదే. బ్యూర్గ్ 2009లో పోయారు. ఆ ప్రోగ్రాం వేగం, అది కీ నొక్కగానే స్పందించే తీరు చూస్తే, రాసినాయన దాన్ని రోజూ వాడుకునేవారని తెలిసిపోతుంది.

రెండోది టర్బోపవర్ వాళ్ళ టీఎస్ఆర్ యుటిలిటీలు, కిమ్ కొక్కోనెన్ రాసినవి. ఒక ప్రోగ్రాం ముగిసిపోయినా మెమరీలోనే ఉండిపోయి, ఫలానా కీ నొక్కితే పైకి లేచి వచ్చే పద్ధతి అప్పట్లో అందరికీ అలవాటు. బోర్లాండ్ 1984లో తెచ్చిన సైడ్‌కిక్ దానికి మహా పేరు తెచ్చింది. చిక్కేమిటంటే, డాస్ ప్రోగ్రాములకు దొరికే 640 కేబీ మెమరీలో ఇలాంటివి నాలుగైదు ఎక్కాక అసలు పనికి చోటు చాలదు. తీసేద్దామంటే చాలావాటికి బయటకెళ్ళే దారి ఉండదు, మెషీన్ రీబూట్ చేయాలి. మార్క్, రిలీజ్ అనే జంట ఈ టెన్షన్ తీర్చేసింది. మెమరీలో ఉండిపోయే ప్రోగ్రాం ఎక్కించే ముందు మార్క్ నడపాలి. అది ఇంటరప్ట్ వెక్టర్ పట్టిక (ఏ పిలుపుకి మెమరీలో ఎక్కడున్న కోడ్ పలకాలో చెప్పే చిరునామాలు) మొత్తాన్ని, అంటే 256 వెక్టర్లు, ఒక్కోటి నాలుగు బైట్లు, వెరసి 1,024 బైట్లను నకలు తీసి దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత ఎన్ని ప్రోగ్రాములు ఎక్కి ఎన్ని వెక్టర్లు తమవైపు తిప్పుకున్నా సరే, రిలీజ్ నడిపితే పాత పట్టిక తిరిగి వచ్చేస్తుంది, మార్క్ తర్వాత ఎక్కిన మెమరీ బ్లాకులన్నీ ఖాళీ అవుతాయి. డాస్ రాసినవాళ్ళు ఇవ్వని సదుపాయాన్ని బయటివాళ్ళు ఇంత శుభ్రంగా కట్టి ఇచ్చారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అందులోనే మెమరీలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూపించే మ్యాప్‌మెమ్ కూడా ఉంది. మార్క్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రిలీజ్ అయ్యాక ఇంకోసారి దాన్ని నడిపి చూడండి, జరిగిందేమిటో కళ్ళకు కడుతుంది.

కమాండ్ లైన్ సంగతీ అంతే. డాస్‌లో ఎఫ్3 నొక్కితే కిందటి వరుస ఒక్కటే తిరిగొచ్చేది. క్రిస్ డన్‌ఫర్డ్ రాసిన సీఈడీ లాంటివి పై బాణం నొక్కితే అంతకుముందు వరుసలు కూడా తెచ్చిపెట్టేవి, పొడుగు కమాండ్లకు పొట్టి పేర్లు పెట్టుకోనిచ్చేవి. అదే పని చేసే డాస్‌కీ అనే ప్రోగ్రాం డాస్‌తో పాటు వచ్చింది 1991లో.

సరుకు సంగతి అలా ఉంచితే, ఈ సీడీకి నేను ఇంత మార్కు వేయడానికి అసలు కారణం ప్యాకింగ్. ఆ కాలపు షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే రచయితకు డబ్బు కట్టే ప్రోగ్రాములు) సీడీలు చాలా ఉన్నాయి. కొన్నింటిలో సీడీ తయారుచేసినవాళ్ళు జిప్‌లు విప్పి, తమ ప్రకటన ఫైలు ఒకటి దూర్చి, మళ్ళీ జిప్ చేసి పెట్టారు. సేకరించేవాళ్ళకి ఇది పెద్ద నష్టం. జిప్‌లు కట్టే పీకేజిప్ అనే ప్రోగ్రాంకి డబ్బు కట్టిన రచయితలు తమ జిప్‌కి ముద్ర వేసుకునేవాళ్ళు. దాని జోడీ పీకేఅన్‌జిప్‌తో విప్పితే ప్రతి ఫైలు పక్కనా ఏవీ అని, చివర రచయిత పేరుతో ఫైళ్ళు అసలైనవేనని వరుస వస్తుంది. తర్వాతి కాలంలో ఆ ముద్రను నకిలీ చేయడం కనిపెట్టారన్నది నిజమే, అయినా జిప్‌ని విప్పి కట్టినవాళ్ళ చేతిలో అది ముందే పోతుంది. నేను సిమ్‌టెల్ సీడీలో చూసిన జిప్‌లు రచయిత కట్టినట్టే ఉన్నాయి. ఫైల్-ఐడీ-డిజ్ అనే వివరణ ఫైళ్ళు కూడా, 45 అక్షరాల వెడల్పులో రాసినవి, ఎవరూ తుడిచేయలేదు.

టైమ్‌స్టాంప్‌ల గురించి కూడా ఒక మాట. అప్పటి రచయితలకు ఫైలు సమయాన్నే వెర్షన్ నంబరుగా పెట్టే అలవాటు ఉండేది. పీకేజిప్ 2.04జీ ఫైళ్ళ తేదీ 1993 ఫిబ్రవరి 1, సమయం 2:04. ఎంఎస్-డాస్ 6.22 ఫైళ్ళకి 6:22. ఫైళ్ళను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు ఈ సమయం చెరిగిపోతే ఏ వెర్షనో చెప్పే గుర్తు ఒకటి పోయినట్టే. అందుకని జిప్‌ను జిప్‌గానే దాచండి, విప్పిన ప్రతి వేరే చోట పెట్టుకోండి. ఇంకో సంగతి: 1993కి ముందటి జిప్‌లు ష్రింక్, రెడ్యూస్, ఇంప్లోడ్ అనే పాత పద్ధతుల్లో కుదించినవి, డిఫ్లేట్ వచ్చింది పీకేజిప్ 2తో. ఇప్పటి అన్‌జిప్ ప్రోగ్రాముల్లో కొన్ని వాటిని తెరవలేవు. ఫైలు పాడైందని పారేయకండి. డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్ మీద పాత డాస్ పీసీని అనుకరించే ప్రోగ్రాం) పీకేఅన్‌జిప్‌తో విప్పి చూడండి.

ఇక తగ్గించిన అర మార్కు. సిమ్‌టెల్‌లో కొత్త వెర్షన్ వస్తే పాతది తీసేయడం పద్ధతి. వాడుకునేవాళ్ళకి అది మంచిదే, సేకరించేవాళ్ళకి కాదు. లిస్ట్ ఎలా పెరిగిందో చూడాలంటే ఒక్క సీడీలో చివరి వెర్షనే ఉంటుంది. దీనికి విరుగుడు ఆ సీడీల్లోనే ఉంది: అవి ఒక్కసారి అచ్చేసి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ కొత్త ముద్రణలు తెచ్చారు, తర్వాతి వాటిలో సరుకు పెరిగి రెండు సీడీలయింది. ప్రతి ముద్రణా ఆ రోజుకి సిమ్‌టెల్ ఎలా ఉందో చూపించే ఫోటో. రెండు మూడు ముద్రణల సూచికలు పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒకదాంట్లో ఉండి తర్వాతి దాంట్లో లేని పేర్లే మీరు ముందు దాచుకోవాల్సినవి. ఫైలు పేర్ల చివర వెర్షన్ నంబర్లు ఉంటాయి కాబట్టి (టీఎస్ఆర్‌కామ్35 అంటే 3.5) పోల్చడం కష్టమేమీ కాదు. నా సేకరణలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇలా పోల్చి పట్టుకున్నదే.

నడపడం గురించి. మామూలు యుటిలిటీలన్నిటికీ డాస్‌బాక్స్ చాలు. అయితే డిస్క్ లోతుల్లోకి వెళ్ళేవాటికి చాలదు. చెరిపిన ఫైలును తిరిగి తెచ్చే ప్రోగ్రాం తీసుకోండి. డాస్ ఫైలును చెరిపినప్పుడు డైరెక్టరీలో దాని పేరు మొదటి అక్షరాన్ని హెక్స్ ఈ5గా మార్చి, ఫ్యాట్ పట్టికలో (డిస్క్ మీద ఏ క్లస్టర్ ఏ ఫైలుదో చెప్పేది) దాని క్లస్టర్లను ఖాళీ అని రాస్తుంది, అంతే. సైజు, మొదటి క్లస్టర్ నంబరు అలాగే ఉంటాయి, డేటా కదలదు. పీటర్ నార్టన్ 1982లో ఈ కిటుకు మీదే తన పేరు నిలబెట్టుకున్నారు. ఇలాంటి ప్రోగ్రాములన్నీ మనల్ని పోయిన మొదటి అక్షరం అడిగేది అందుకే. డాస్‌బాక్స్‌లో మామూలు ఫోల్డర్‌ను డ్రైవ్‌గా పెడితే అక్కడ ఫ్యాట్ పట్టికే ఉండదు, ఈ ప్రోగ్రాములకు చదవడానికి ఏమీ దొరకదు. 360 కేబీ డిస్క్ ఇమేజ్ ఒకటి చేసుకుని, దాన్నుంచే డాస్ గానీ ఫ్రీడాస్ (డాస్‌కి ఉచిత ప్రత్యామ్నాయం) గానీ బూట్ చేసి చూడండి. ఒక ఫైలు చెరిపి, ఇమేజ్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే ఆ ఈ5 కనిపిస్తుంది. యుటిలిటీ నడిపాక మళ్ళీ తెరిస్తే అక్షరం వచ్చి కూర్చుని ఉంటుంది.

వేగమైన మెషీన్ మీద నేరుగా ఫ్రీడాస్ పెట్టుకున్నవాళ్ళకి ఇంకో అడ్డంకి. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన యుటిలిటీలు కొన్ని మొదలవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని ఆగిపోతాయి. తప్పు యుటిలిటీ రాసినవాళ్ళది కాదు. టర్బో పాస్కల్‌లో స్క్రీన్, కీబోర్డు పనులు చూసే సీఆర్‌టీ యూనిట్ మొదట్లో 55 మిల్లీసెకన్ల టైమర్ టిక్‌లో ఒక లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి 55తో భాగిస్తుంది. ప్రాసెసర్ మరీ వేగమైనదైతే ఆ భాగఫలం 16 బిట్లలో పట్టదు, సున్నాతో భాగించినట్టు ఎర్రర్ వస్తుంది. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన మెషీన్ల నుంచి ఈ గొడవ మొదలైంది. డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (అది అనుకరించే ప్రాసెసర్ వేగం) తగ్గించి పెడితే అదే ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది.

డాక్యుమెంట్లలో డబ్బు కట్టమని రాసిన చిరునామాలుంటాయి, ఆర్డర్ ఫారాలుంటాయి. ఆ ఫారాలు కూడా సేకరణలో భాగమే, తీసేయకండి. అయితే ఇప్పుడు ఆ చిరునామాలకు డబ్బు పంపకండి. ఆ రచయితల్లో చాలామంది లేరు, కంపెనీలూ లేవు. చాలావాటి షరతు ఏమిటంటే మొత్తం ప్యాకేజీని ఏమీ మార్చకుండా అలాగే ఇతరులకు ఇవ్వొచ్చని. కాబట్టి మీరు ఎవరికైనా ఇస్తే జిప్ మొత్తం ఇవ్వండి, కేవలం ప్రోగ్రాం తీసి ఇవ్వకండి.

ఏ ముద్రణ తీసుకోవాలంటారా? దొరికినవాటిలో అన్నిటికన్నా పాతది ఒకటి, 1993 తర్వాతది ఒకటి. మొదటి దాంట్లో డాస్ 6 రాకముందు జనం ఏమేం రాసుకున్నారో దొరుకుతుంది, రెండో దాంట్లో వాటి చివరి వెర్షన్లు. అంతా ఒకేసారి విప్పే ఓపిక లేకపోతే బ్యాచ్, కీబోర్డు, మెమరీ, స్క్రీన్ విభాగాలు ముందు చూడండి. అతి చిన్న ప్రోగ్రాములు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి.